ఆంటీ సమ్మతి

కోర్టులో నా పని నోరు అద్దెకివ్వడం. జడ్జి ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెప్పాలి, సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. సాక్షి "నన్ను కొట్టాడు" అంటే నేనూ "నన్ను కొట్టాడు" అనే అనాలి, "ఆవిడను కొట్టాడట" అనకూడదు. ఈ పద్ధతి పుణ్యమా అని ఇన్నేళ్లలో నేను బోలెడుసార్లు విడాకులు తీసుకున్నాను, తాగి కారు నడిపాను, దుకాణాల్లో దొంగతనాలు చేశాను. సలహా ఇచ్చే హక్కు మాత్రం లేదు. ఇవ్వనని ప్రతి కేసుకీ చెయ్యెత్తి ప్రమాణం చేస్తాను. నోరు కట్టుకుని కూర్చునే స్వభావం కాదు నాది. అందుకని ఆ ప్రమాణం నాకెప్పుడూ బరువే.

ఈ కేసులో పేర్లు మార్చాను. ఊరు పార్సిప్పనీ అనుకోండి. న్యూజెర్సీలో మనవాళ్లుండే ఊళ్లన్నీ అలాగే ఉంటాయి గనుక మార్చినా మార్చకపోయినా ఒకటే.

ఛాయాదేవి, బ్రహ్మయ్య అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. పెళ్లయి పాతికేళ్లు దాటింది, పిల్లలు లేరు. ఆయన సాఫ్ట్‌వేర్. ఆవిడ ఇల్లు. కారు నడపడం రాదు, ఇంగ్లీషు కూరగాయలు కొనేంత వరకు వచ్చు. ఒక సాయంత్రం ఆయన ఆవిడను వంటింటి గోడకేసి తోశాడు. చప్పుడు విని కింద ఇంటివాళ్లు పోలీసులను పిలిచారు. పోలీసులు అప్పటికప్పుడు జడ్జితో మాట్లాడి ఆయన ఆవిడ దగ్గరికి రాకూడదని తాత్కాలికంగా రిస్ట్రెయినింగ్ ఆర్డర్ ఇప్పించారు. బ్రహ్మయ్య సూట్‌కేస్ సర్దుకుని స్నేహితుడి ఇంటికి పోయాడు. ఇప్పుడు విచారణలో జడ్జి ఆ ఆర్డర్‌ని ఖాయం చేస్తే అతను ఇక ఆ గడప తొక్కడానికి వీల్లేదు. కొట్టేస్తే ఆ సాయంత్రమే తాళం తీసుకుని లోపలికి రావచ్చు. ఈ రెంటికీ మధ్య ఇంకేమీ లేదు.

ఆవిడ తరఫున వాదించడానికి వచ్చింది వేద. ఇంకా లాయరు కాదు, లా స్కూల్లో ఆఖరి సంవత్సరం. చదువు చివరికొచ్చిన పిల్లలు, పక్కన ఒక లాయరు కూర్చుని చూసుకుంటూ ఉంటే, కోర్టులో నిలబడి నిజమైన కేసు నడపవచ్చని ఇక్కడ ఒక రూలుంది. ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకి మనిషి దొరుకుతాడు, పిల్లలకి పని పట్టుబడుతుంది. ఆ రూలంటే నాకేం కోపం లేదు. డాక్టరు చదివే పిల్లలూ ఎవరో ఒకరి చేతికి సూది గుచ్చే నేర్చుకుంటారు కదా. కాకపోతే క్లయింటు ఒప్పుకోవాలి. నా తరఫున మాట్లాడేది స్టూడెంటని నాకు తెలుసు, నాకు సమ్మతమే అని సంతకం పెట్టాలి, జడ్జి అడిగితే నోటితోనూ చెప్పాలి. వద్దనుకుంటే ఏ క్షణమైనా వద్దనవచ్చు.

నేను వెళ్లేసరికి ఇద్దరూ కోర్టు హాలు బయట బెంచీ మీద ఉన్నారు. వేద నల్ల కోటు వేసుకుంది, భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉంది. ఒళ్లో కాగితాలు సర్దుకుంటోంది. ఛాయాదేవి స్టీలు డబ్బా మూత తీసి పట్టుకుని కూర్చుంది.

"రెండు ముద్దలు పులిహోర తినమ్మా. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చుంటావు."

"నో ఆంటీ, ఇప్పుడు తింటే వామిట్ చేస్తా. నేను సో నర్వస్. మీరు తిన్నారా? మీరు తినాలి."

"నా సంగతి సరేలే. నువ్వు ఒక్క ముద్దైనా తిను."

ఆ 'ఆంటీ' వినగానే నాకు ఎక్కడో తేడా కొట్టింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి అది అలవాటు. అమ్మ వయసులో తెలుగు మనిషి కనిపిస్తే ఆంటీ అనడం తప్ప వాళ్లకింకో పిలుపు నేర్పలేదు మనం. అది మర్యాదే, ప్రేమే, కాదనను. అయితే ఆంటీ అయ్యాక ఆవిడ క్లయింటుగా ఉండదు. ఆకలేస్తోందా అని అడుగుతుంది, చున్నీ సరిచేస్తుంది, పిల్లల ముందు మాట్లాడదగినవే మాట్లాడుతుంది. పిల్లల ముందు అనకూడనివి కడుపులో పెట్టుకుంటుంది. ఏ తెలుగింట్లో అయినా ఇంతే. ఆ సంగతి వేదకి తెలియదు, లా స్కూల్లో ఎవరూ చెప్పరు.

వేదని చూసుకునే లాయరు, అంటే వాళ్ల ప్రొఫెసర్, నెరిసిన జుట్టున్న పొడుగాటి అమెరికన్ ఆవిడ. ఆవిడ నన్ను చూసి, కోర్టు గుమాస్తాని అడిగి, పక్కనున్న చిన్న గదిలో ఛాయాదేవితో మాట్లాడడానికి నా సాయం తీసుకుంది. ఫోటోలన్నీ వరసలో ఉన్నాయో లేదో చూసుకోమని వేదని బయటే ఉంచింది. కావాలనే ఉంచిందని నాకు అర్థమైంది.

గదిలోకి వెళ్తూ ఛాయాదేవి నాతో అంది: "మా వైపు పిల్లేనండి. వాళ్లమ్మది చిలకలూరిపేట, మాది నరసరావుపేట. మొదటి రోజే అడిగి తెలుసుకున్నా. వాళ్లమ్మ మేనత్త మా వీధిలోనే ఉండేదిట."

నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడమే నా ఉద్యోగం. కానీ లోపల ఒళ్లు మండింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం మనకి నమస్కారం లాంటిది. ఆ పిల్ల కూడా క్లయింటు దగ్గరైందని సంబరపడి చెప్పేసి ఉంటుంది. ఇక ఆ పిల్లతో చెప్పిన ప్రతిదీ నరసరావుపేటలో చెప్పినట్టే కదా ఈవిడకి. క్లయింటు మాట లాయరు బయటపెట్టకూడదన్న రూలు ఉందని ఎంత చెప్పినా, మేనత్త అన్న మాట పడ్డాక ఆ రూలు ఎక్కడ నిలుస్తుంది?

ప్రొఫెసర్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. సూటిగా మాట్లాడే మనిషి. నేను తెలుగులో చెబుతూ పోయాను.

"మీరు వేదకి చెప్పినవన్నీ చదివాను. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి తోయడమే జరిగిందంటే నా అనుభవంలో అది అరుదు. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. కేసులో చేర్చి ఇంకో తారీఖు అడుగుతాను. అప్పటిదాకా ఆయన ఇంటికి రాలేడు."

ఛాయాదేవి డబ్బా మూత గట్టిగా నొక్కింది. "అన్నీ పాపతో చెప్పానండి."

"కొన్ని చిన్నవాళ్లతో చెప్పడం కష్టం. మీరు కోరితే కేసు నేను నడుపుతాను. వేద గదిలో కూడా ఉండదు. అది మీ హక్కు. కారణం చెప్పనక్కర్లేదు."

ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో లేనిపోని నొక్కు రాకుండా చూసుకున్నాను. వచ్చే ఉంటుంది. ఛాయాదేవి నా వైపు చూసింది, తర్వాత తలుపు వైపు చూసింది. తలుపు అద్దంలోంచి వేద కనిపిస్తోంది. పెదాలు కదుపుతూ ప్రశ్నలు వల్లె వేసుకుంటోంది.

"ఆ పిల్లని బయట కూర్చోబెడతారా?"

"మీరు కోరితేనే."

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఒకసారి నోరు తెరిచి మూసింది. ఆ తెరిచినప్పుడు ఏదో బయటికి రాబోయిందని నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెబుతాను.

"వద్దండి. ఈ నెల రోజులూ పొద్దున్నే ఫోన్ చేసి, అన్నం తిన్నారా ఆంటీ, నిద్ర పట్టిందా ఆంటీ అని అడిగింది. నన్ను అలా అడిగినవాళ్లు లేరు. మొదటిసారి కోర్టులో నిలబడుతుంటే నేనే కాదంటే ఎంత చిన్నబుచ్చుకుంటుంది? వాళ్లమ్మకి తెలిస్తే ఏమనుకుంటుంది? పాపే మాట్లాడుతుంది. మీరు పక్కనుంటే చాలు."

ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఇది పిల్ల అరంగేట్రం కాదు తల్లీ, రాత్రికి నీ గదిలో ఎవరు పడుకోవాలో తేల్చే వ్యవహారం, అని అరవాలనిపించింది. ఆవిడన్నది మాత్రం అక్షరం పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ మరోసారి అడిగింది. ఛాయాదేవి మరోసారి అదే చెప్పింది. అంతకంటే అడిగితే బలవంతం అవుతుందని ప్రొఫెసర్ లేచింది.

లోపల జడ్జి మొదట ఆ సంగతే అడిగాడు. మీ తరఫున మాట్లాడేది విద్యార్థిని, మీకు సమ్మతమేనా?

"సమ్మతమేనండి" అంది ఛాయాదేవి. అంటూ వేద వైపు చూసి, భయపడకు అన్నట్టు తల ఊపింది.

వేద బాగా చేసింది. ఇది నిజం కాబట్టి చెబుతున్నాను, జాలితో కాదు. మొదటి రెండు ప్రశ్నలకీ గొంతు తడబడింది, తర్వాత కుదురుకుంది. గోడకి తగిలిన మోచేయి ఫోటోలు చూపించింది. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఒక్కొక్కటీ చెప్పించింది. కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవ, విసిరిన గ్లాసు, తోపు. ఛాయాదేవి చెప్పింది, నేను చెప్పాను. తర్వాత వేద అసలు ప్రశ్నకి వచ్చింది.

"దీనికి ముందు ఎప్పుడైనా ఆయన మిమ్మల్ని బాధపెట్టారా?"

నేను తెలుగులో అడిగాను. ఛాయాదేవి చెప్పింది. ఫోన్ లాక్కునేవాడు. ఊరికి మాట్లాడనిచ్చేవాడు కాదు. ఒకసారి కంచం విసిరాడు. తిట్లు మామూలే.

"ఇంకేమైనా?"

వేద ఆ ప్రశ్న ఇంగ్లీషులోనే అడిగింది, కానీ చూపు మాత్రం ఆంటీ అని పిలుస్తున్నట్టే ఉంది. పెద్ద కళ్లు, వాటి కింద నిద్రలేని చారలు. ఛాయాదేవి ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. ఒక చెయ్యి మెల్లగా పైకి లేచి, చీర కొంగుని మెడ చుట్టూ లాక్కుంది. అవతలి బల్ల దగ్గర బ్రహ్మయ్య తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆవిడ చెప్పనిది ఇంకేదో ఉందని అతనికి తెలుసు, నాకు తెలుసు, ప్రొఫెసర్‌కి తెలుసు. తెలియనిది అడుగుతున్న పిల్లకే.

"ఇంకేం లేదమ్మా" అంది ఛాయాదేవి.

నేను ఇంగ్లీషులో ఇంకేం లేదని చెప్పాను. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లిందని చెప్పడానికి లేదు. అది మాట కాదు. ప్రొఫెసర్ ఒక చీటీ రాసి వేద వైపు తోసింది. వేద చదివి ఇంకో రకంగా అడిగింది, ఇంట్లో మీకు భయమేసిన సందర్భాలు ఉన్నాయా అని. ఛాయాదేవి, "భయమంటే ఏముందమ్మా, అలవాటైపోతుంది" అంది.

అవతలి లాయరు మర్యాదస్తుడు. అరవలేదు, వేలు చూపించలేదు. అంతకుముందు ఎప్పుడైనా పోలీసులని పిలిచారా? లేదు. డాక్టరుకి చూపించుకున్నారా? లేదు. ఎవరితోనైనా చెప్పుకున్నారా? లేదు. అయితే ఆయన మీ మీద చెయ్యి వేసింది ఆ ఒక్కరోజే అన్నమాట?

ఛాయాదేవి మళ్లీ వేదని చూసింది. "చెప్పినంత వరకేనండి."

చెప్పినంత వరకే అన్నాను నేను. లాయరు థాంక్యూ చెప్పి కూర్చున్నాడు.

బ్రహ్మయ్య తన ఇంగ్లీషులోనే చెప్పుకున్నాడు, అతనికి నా అవసరం పడలేదు. మెత్తటి గొంతు. ఆఫీసులో లేఆఫ్‌లు, ఒత్తిడి, ఒక్క క్షణం విచక్షణ కోల్పోయాను, సిగ్గుపడుతున్నాను, ఇంకెప్పుడూ జరగదు. వేద లేచి అతన్ని నిలదీసింది. తోశారా లేదా? తోశాను. ఫోన్ లాక్కున్నారా లేదా? అప్పుడప్పుడు. అతని చేత ఒప్పించాల్సినవన్నీ ఒప్పించింది. తన చేతిలో ఉన్నంత వరకు ఆ పిల్ల ఒక్కటీ వదల్లేదు.

జడ్జి తీర్పు చెప్పేటప్పుడు నేను ఛాయాదేవి చెవి దగ్గర మెల్లగా తెలుగులో చెబుతూ ఉండాలి. ఆ రోజు తోయడం నేరమే అన్నాడు. ఆవిడ మాట నమ్ముతున్నానన్నాడు. కానీ సుదీర్ఘమైన సంసారంలో ఒక చెడ్డ సాయంత్రం తప్ప నా ముందు వేరే సాక్ష్యం లేదు, ముందు ముందు ప్రమాదం ఉందనడానికి ఆధారం కనబడలేదు, అందుచేత ఆర్డర్ కొట్టేస్తున్నాను, అన్నాడు. కొట్టేస్తున్నాను అన్నది కూడా నేనే చెప్పాలి ఆవిడకి. చెప్పాను. జడ్జిని తిట్టుకుని లాభం లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కోర్టు అమ్మ కూడా కాదు.

బయటికి రాగానే వేద గోడ వైపు తిరిగి ఏడ్చేసింది. కోటు చేతులతో మొహం దాచుకుంది. ఛాయాదేవి దగ్గరికి వెళ్లి, కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది.

"ఊరుకో తల్లీ. ఎంత బాగా మాట్లాడావు. పెద్ద పెద్ద లాయర్లలాగా."

"సారీ ఆంటీ. నేను ఇంకా బెటర్‌గా అడగాలి. నేను ఏదో మిస్ చేశా."

"నువ్వు అన్నీ అడిగావమ్మా. నీ తప్పేం లేదు. వెళ్లి మొహం కడుక్కో."

వేద బాత్రూమ్ వైపు వెళ్లింది. ప్రొఫెసర్ నన్ను ఇంకొంచెం ఉండమంది. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఆడవాళ్లు తలదాచుకోవడానికి షెల్టర్ ఉంది, నేనే దింపుతాను, అని అడిగింది. ఛాయాదేవి బాత్రూమ్ తలుపు మూసుకునేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది.

"గదిలో ఆయన నా మెడ పట్టుకుంటాడండి. నేను వద్దన్నప్పుడు. ఊపిరి ఆగిపోయేదాకా పట్టుకుని, తన పని అయ్యాక వదిలేస్తాడు. కిందటి ఏడాది ఒకసారి స్పృహ తప్పాను. లేచేసరికి తెల్లారింది."

ఇది నేను ఇంగ్లీషులో చెప్పాలి. నా మెడ పట్టుకుంటాడు. నేను వద్దన్నప్పుడు. నాకు స్పృహ తప్పింది. ఎన్నో కేసుల్లో ఎన్నో చెప్పాను, ఎప్పుడూ ఆగలేదు. ఆ రోజు మధ్యలో ఆగి, క్షమించమని అడిగి, మళ్లీ మొదలుపెట్టాను.

ప్రొఫెసర్ ఛాయాదేవికి ఇంకా దగ్గరగా జరిగింది. "ఇది చాలా ప్రమాదం. మెడ నొక్కేవాడు చంపగలడు. ఇప్పుడే పోలీసుల దగ్గరికి వెళ్దాం, కొత్తగా ఫిర్యాదు ఇద్దాం, నేనే నడుపుతాను. లోపల ఎందుకు చెప్పలేదు?"

"ఆంటీ అని పిలుస్తుందండి ఆ పిల్ల. దాని మొహం చూస్తూ ఇవి ఎలా చెప్పను?" ఆవిడ గొంతు తగ్గించింది. "పాపకి తెలియకుండా అవుతుందా?"

ప్రొఫెసర్ అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "ఈ కేసు ఆమెది కూడా. ఈ కొత్త విషయం వస్తే ఆమెకి తెలియకుండా దాచలేను."

"అయితే వద్దండి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. రేపు ఆ పిల్ల కూడా ఎవరినో చేసుకుంటుంది. పెళ్లంటే ఇదా అని దాని మనసులో పడకూడదు. మీరు కూడా దానితో చెప్పనని నాకు మాటివ్వండి."

అంతా ఆ పిల్ల కోసమేనని నేను నమ్మను. సిగ్గుంది, భయముంది, ఊరుంది, పాతికేళ్ల అలవాటుంది. వాటన్నిటికీ ఆ రోజు వేద మొహం వచ్చింది, అంతే. వేరే ఎవరైనా అయితే, మొహం తెలియని ఒక తెల్ల లాయరు విసుగ్గా అడిగి ఉంటే, ఆవిడ చెప్పేసి ఉండేదేమో. ప్రేమగా చూసుకోబట్టి చెప్పలేకపోయింది. ఇది ఎవరి తప్పో నాకు తెలియదు, కానీ నాకు కోపం పోలేదు.

ప్రొఫెసర్ ఫోన్ నంబర్లు ఇచ్చింది, ఎప్పుడు పిలిచినా వస్తానంది, మళ్లీ మళ్లీ బతిమాలింది. ఛాయాదేవి అన్నిటికీ తల ఊపింది. ఆర్డర్ ఉన్నంతసేపూ భార్యాభర్తలని వేర్వేరు దారుల్లో పంపిస్తారు కోర్టు వాళ్లు. అది లేకపోయాక ఆ జాగ్రత్త ఎవరికీ గుర్తు రాలేదు. బ్రహ్మయ్య లిఫ్ట్ దగ్గర కోటు చేతికి వేసుకుని నిలబడ్డాడు. కారు తాళాలు వేళ్ల మధ్య ఉన్నాయి. పిలవలేదు. చూస్తున్నాడు.

వేద మొహం కడుక్కుని వచ్చింది. అతన్ని చూసి గబగబా ఛాయాదేవి చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, ప్లీజ్. మీరు ఆయనతో వెళ్లొద్దు. నా కార్ ఉంది, నేను డ్రాప్ చేస్తా. మా ఇంటికి రండి, మా మామ్ ఏమీ అనదు."

మామ్ అన్న మాటకి ఛాయాదేవి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల నుదుటి మీద తడి జుట్టు పక్కకి తోసి, నవ్వింది. పిల్లలు భయపడుతుంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"ఎందుకమ్మా నీకు శ్రమ, అంకుల్ ఉన్నారుగా. నువ్వు ముందు వెళ్లి ఏమైనా తిను."

ఆవిడ వెళ్లి లిఫ్ట్ ఎక్కింది. అతను పక్కకి జరిగి చోటిచ్చాడు. వేద అక్కడే నిలబడిపోయింది.

"ఆమె ఏమంది?" అని ప్రొఫెసర్ నన్ను అడిగింది.

అన్నదంతా అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. అంకుల్ అంటే ఎవరని ఆవిడ అడిగింది. అది కూడా చెప్పాను.